పచ్చడి జాడీని కాస్త దూరం జరుపు, నాన్నా

నాన్నా, ఆశీస్సులు.

బీపీ 150 దాటిందని, డాక్టరు మాత్రలు రాశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. టెన్షన్ పడకు, అలాగని తేలిగ్గానూ తీసుకోకు. మీ పెదనాన్నకు బీపీ వచ్చి చాలా ఏళ్లయింది. ఆయనకు వండిపెడుతున్నది నేనే కాబట్టి తిండి సంగతి నా దగ్గర విను.

రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మాటా అదే. అంటే సుమారు ఒక టీ చెంచాడు, అన్నీ కలిపి. "కూరల్లో తగ్గించేశాం కదా పెద్దమ్మా" అంటావని తెలుసు. మన ఇళ్లలో ఉప్పు కూరల్లోనే కాదు, నంజుకునేవాటిలోనూ చాలా ఉంటుంది. పప్పన్నంలోకి ఆవకాయ, చారన్నంలోకి అప్పడం, పెరుగన్నంలోకి ఊరమిరపకాయ. కూరలో ఆదా చేసిన ఉప్పు ఇక్కడ రెట్టింపై వస్తుంది. ఆవకాయ ఏడాది నిలవుండేదే ఉప్పు వల్ల, కాబట్టి తగ్గించి పెడదామన్నా కుదరదు. అందుకే జాడీని బల్ల మీద నుంచి తీసి అల్మారాలో పెట్టించు. ఎప్పుడైనా మనసైతే చిన్న ముక్క, ఆ పూట అప్పడం వద్దు.

దాని బదులు రోటి పచ్చళ్లు చేసుకోండి. బీరకాయ, దోసకాయ, టమాటా ఏదైనా సరే. చింతపండు, పచ్చిమిర్చి, కొత్తిమీర ఘాటుగా పడితే ఉప్పు సగం వేసినా లోటు తెలియదు. పప్పులో చుక్కకూర వేసినా, కూర దించాక నిమ్మకాయ పిండినా అంతే, పులుపు ఉన్నచోట నాలుక ఉప్పు అడగదు. పెరుగన్నంలో ఉప్పు కలపడం పూర్తిగా మానెయ్. రాత్రి జొన్న రొట్టె తింటే ఇంకా మంచిది, దాని పిండిలో ఉప్పు అక్కర్లేదు. మొదటి రెండు మూడు వారాలు అంతా చప్పగా ఉంటుంది, ఆ తర్వాత బయటి తిండే నీకు ఉప్పగా అనిపిస్తుంది.

గచ్చిబౌలి ఆఫీసులో ఉండి యాప్‌లో తెప్పించుకునే భోజనం గురించే నాకు బెంగ. బిర్యానీ మానమని హైదరాబాద్‌లో ఎవరికీ చెప్పలేను. నెలకోసారి తిను, సాలన్ తగ్గించు, ఆ రోజు మిగతా పూటలు ఇంటి తిండే తిను. చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్, చిప్స్, నూడిల్స్ మసాలా పొట్లం, సాస్ అన్నింట్లోనూ ఉప్పు ఉంది. బజ్జీల్లో వేసే వంట సోడాలోనూ ఉప్పులో ఉండి బీపీని పెంచే సోడియమే. పింక్ సాల్ట్, సైంధవ లవణం బీపీకి మంచివని ఎవరైనా చెబితే నమ్మకు, అవీ ఉప్పే.

ఎర్రగడ్డ రైతు బజార్‌కి వారానికోసారి వెళ్లు. తోటకూర, పాలకూర, బచ్చలి, అరటిపండ్లు, పప్పులు, వీటిలోని పొటాషియం ఒంట్లో ఎక్కువైన సోడియాన్ని మూత్రంలో బయటికి పంపడానికి సాయపడుతుంది. ఒక్క జాగ్రత్త: కిడ్నీల పరీక్ష చేయించావా? వాటిలో ఏదైనా తేడా ఉన్నా, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడుతున్నా పొటాషియం ఎక్కువైతే ప్రమాదం. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మే పొట్లాల్లో అదే కలుస్తుంది, డాక్టరును అడగకుండా కొనకు.

మాత్రలు మాత్రం నీ అంతట నువ్వు ఆపకు. ఒంట్లో బాగానే ఉందనిపిస్తుంది, బీపీ లోపల పెరుగుతున్నా తెలియదు. మిషన్ కొనుక్కో. చూసుకునే ముందు అరగంట కాఫీ, సిగరెట్ వద్దు. ఐదు నిమిషాలు కుర్చీలో వెన్ను ఆనించి కూర్చుని, మాట్లాడకుండా చూసుకో. తారీఖుతో పుస్తకంలో రాసి డాక్టరుకు చూపించు. సాయంత్రం నడక ఎలాగూ ఉండాల్సిందే, పొట్ట కూడా కొంచెం తగ్గించు.

ఆదివారం ఇద్దరూ చిక్కడపల్లి రండి. చుక్కకూర పప్పు, బీరకాయ పచ్చడి చేస్తాను, ఉప్పు ఎంత వేస్తున్నానో కోడలు పక్కనుండి చూసుకుంటుంది.

మీ పెద్దమ్మ