మీ ప్రశ్న – మా జవాబు: గుడ్డ బొమ్మకి రెజిన్ ఎప్పుడు?

ప్రశ్న: బిందె చంకనెత్తుకున్న ఆడమనిషి బొమ్మ చేద్దామని తీగతో ఆకారం కట్టి, పాత నూలు చీర చుట్టి, ఫైబర్ పనుల షాపులో కొన్న రెజిన్ (ఆరాక గట్టిపడే జిగురు ద్రవం) పూశాను. త్వరగా ఆరాలని హార్డెనర్ కాస్త ఎక్కువే పోశాను. వారమైనా చేతికి అంటుకుంటోంది, మడతలన్నీ కిందికి జారిపోయాయి. వాసన కూడా ఘాటుగా ఉంది, ఇంట్లో రెండేళ్ల మనవడున్నాడు, టెన్షన్‌గా ఉంది. బొమ్మని బాల్కనీలో పెట్టాలని ఆశ.
– ఓ పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ముందు మనవడి సంగతి. బొమ్మని ఇవాళే డాబా మీదికి చేర్చండి, పిల్లాడికి అందని చోట. ఇంట్లో రెజిన్ పని వద్దండీ, ఎవరేం చెప్పినా సరే.

ఘాటు వాసన వస్తోందంటే అది పాలిస్టర్ రెజిన్ అయ్యుంటుంది, ఆ వాసన అందులోని స్టైరీన్ అనే రసాయనానిది. దానికి క్యాటలిస్ట్ (మీరు హార్డెనర్ అన్నది ఇదే) రెజిన్ బరువులో 1 నుంచి 2 శాతం చాలు. కొన్నిచోట్ల త్వరగా గట్టిపడటానికి వేసే కోబాల్ట్ సీసా కూడా విడిగా ఇస్తారు. క్యాటలిస్ట్‌నీ కోబాల్ట్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ పోయకండి, పేలే ప్రమాదం ఉంది. ఒకటి రెజిన్‌లో బాగా కలిసిపోయాకే రెండోది వేయాలి. ఎపాక్సీ అని ఇంకో రకం రెజిన్ ఉంది, దాని లెక్క వేరు: డబ్బా మీద 2:1 (రెజిన్ రెండు వంతులు, హార్డెనర్ ఒకటి) అని ఉంటే అంతే కలపాలి, అది బరువులోనా కొలతలోనా అన్నది కూడా చదవాలి. అందులో హార్డెనర్ ఎక్కువైతే త్వరగా ఆరడం మాట అటుంచి, మిగిలిపోయిన హార్డెనర్ వల్ల జిగట అలాగే ఉండిపోతుంది.

నైట్రైల్ గ్లోవ్స్ వేసుకుని పుల్లతో గుచ్చి చూడండి. లోపల గట్టిపడి పైన మాత్రమే జిగటగా ఉంటే అసిటోన్‌తో తుడిస్తే చాలు, మామూలు పాలిస్టర్ రెజిన్‌కి గాలి తగిలే పొర అలా ఉండటం సహజమే. లోపలా మెత్తగా ఉంటే గుడ్డ ఒలిచేయండి, తీగ ఎలాగూ పనికొస్తుంది. ఒట్టి చేతులతో మాత్రం ముట్టుకోకండి, ఎపాక్సీ అలర్జీ ఒకసారి పట్టుకుంటే జీవితాంతం వదలదు. గుడ్డ మాస్కు ఆ ఆవిరిని ఆపదు, కెమికల్ ఆవిర్లకి పనికొచ్చే కార్ట్రిడ్జ్ మాస్కే కావాలి.

అసలు నా మాట ఏంటంటే, మొదటి బొమ్మకి రెజిన్ వద్దే వద్దు. ఫెవికాల్‌లో నీళ్లు కలిపి పల్చటి దోసెపిండిలా చేసుకుని గుడ్డని అందులో ముంచి, పిండేసి, తొడగండి. మడత నచ్చకపోతే ఆరేలోపు ఎన్నిసార్లయినా సర్దుకోవచ్చు, రెజిన్‌ అంత టైమ్ ఇవ్వదు, ఏప్రిల్, మే ఎండల్లో అయితే కలిపిన గిన్నెలోనే వేడెక్కి గట్టిపడిపోతుంది. చీరలో గంజి ఉంటే ముందు ఉతికి పోగొట్టండి, లేదంటే సరిగా పీల్చదు. సింథటిక్ చీరలు అసలే పీల్చవు. టైలర్లు క్రాస్ అంటారే, అలా ఏటవాలుగా కత్తిరించిన ముక్క ఒంటిమీద చక్కగా వాలుతుంది.

గుడ్డకంటే ముందు నిలబడే తీరు చూసుకోవాలి. 15 అంగుళాల బొమ్మకి తల 2 అంగుళాలు. బిందె ఉన్న వైపు నడుము బయటికి వస్తుంది, పై ఒళ్లు రెండో వైపుకి వాలుతుంది, ఖాళీ చెయ్యి ఒంటికి దూరంగా పోతుంది. తీగ దగ్గరే ఇది కుదరకపోతే పైన ఎంత మంచి చీర కట్టినా బొమ్మ కర్రలా నిలబడుతుంది. మడతలు ఎక్కడపడితే అక్కడ రావు. భుజం, నడుము, వంగిన మోకాలు, గుడ్డ ఎక్కడ లాగితే అక్కడినుంచే పుడతాయి. ఇది కళ్లారా చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ‘ముసుగు రెబెకా’ విగ్రహం దగ్గర కాసేపు నిలబడండి. పాలరాయే, అయినా ముసుగు ఎక్కడ ముఖాన్ని తాకుతోందో, ఎక్కడ వదులుగా ఉందో తెలిసిపోతుంది. నేనైతే ఎవరికైనా ముందు అక్కడికే వెళ్లమంటాను. శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి.

బాల్కనీ బొమ్మకి మాత్రం ఫెవికాల్ ఆగదు, తడికి మెత్తబడుతుంది. చెయ్యి కుదిరాక, వాన లేని రోజున డాబా మీద, గుడ్డని నేరుగా ఎపాక్సీలో తడిపి చేయండి. ఎండకి ఎపాక్సీ పసుపెక్కుతుంది కాబట్టి పైన బయటి గోడలకి వేసే పెయింట్ వేయాలి. కొంగు మడతల్లో వాననీళ్లు నిలవకుండా గట్టిపడకముందే అడుగున చిన్న దారి వదలండి.