వేళ్లకు బుడిపెలు కట్టాక కాదు, నారు పోసేటప్పుడే

నీళ్లు పెట్టినా టమాటా మొక్కలు మధ్యాహ్నానికల్లా వాలిపోతున్నాయని, పీకి చూస్తే వేళ్ల నిండా బుడిపెలున్నాయని రాశారు. ఇప్పుడు సూడోమోనాస్ (వేళ్ల మీద బతికే మేలు చేసే బాక్టీరియా) పోస్తే తగ్గుతుందా అని మీ ప్రశ్న. ఈ పంటకు తగ్గదు. నేనూ అలాగే కాయ దశలో మూడుసార్లు మొదళ్లలో పోసి పంట పోగొట్టుకున్నాను.

ఈ బుడిపెలకు కారణం నేలలో ఉండే నులిపురుగు (నెమటోడ్). దాని పిల్ల వేరులోకి దూరి ఒకచోట స్థిరపడ్డాక దాని చుట్టూ కణాలు ఉబ్బి బుడిపె అవుతుంది. వేరు పైన బతికే బాక్టీరియా లోపలి ఆడపురుగును పెద్దగా ఏమీ చేయలేదు. లేత వేళ్ల మీద ముందే స్థావరం ఏర్పరచుకుంటేనే దాని బలం తెలుస్తుంది. గుడ్లకూ పిల్లలకూ హాని చేసే పదార్థాలు వదులుతుంది, మొక్కలోని రక్షణ శక్తినీ మేల్కొలుపుతుంది. ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది, వెచ్చని నేలలో దాదాపు నెలకొక తరం పుడుతుంది కాబట్టి ఆలస్యమైతే వెనకబడిపోతాం. (పాశ్చూరియా పెనెట్రాన్స్ అనే బాక్టీరియా తీరు వేరు. దాని సిద్ధబీజాలు పిల్లపురుగు చర్మానికి అంటుకుని దానితోపాటే వేరులోకి వెళ్లి, ఆ పురుగు గుడ్లు పెట్టలేకుండా చేస్తాయి. అయితే అది అన్ని నులిపురుగులకూ పట్టదు.)

మరుసటి పంటకు విత్తనం దగ్గరే మొదలుపెట్టాను. కిలో విత్తనానికి 10 గ్రాముల సూడోమోనాస్ పొడి పట్టించాను. బాగా చివికిన పశువుల ఎరువులో మరికొంత కలిపి, నీడలో రెండు వారాలు తడి ఆరకుండా ఉంచి, నారుమడిలోనూ నాటే గుంతల్లోనూ వేశాను. ఒక వరుసకు మాత్రం ఏమీ వేయలేదు. 40 రోజులకు రెండు చోట్లా మొక్కలు పీకి, వేళ్లు కడిగి పక్కపక్కన పెట్టాను. మందు వేసిన వాటికీ బుడిపెలున్నాయి, కానీ కొద్దిగా, చిన్నవి. తెల్లటి పీచు వేళ్లు మాత్రం గుబురుగా ఉన్నాయి. ఆ పీచు వేళ్లు చూశాకే నాకు నమ్మకం కుదిరింది.

ప్యాకెట్ మీద గడువు తేదీ చూడండి, ఎండలో ఉంచకండి. రాగి మందులతో కలిపి పోయవద్దు, బాక్టీరియా చచ్చిపోతుంది. పంట మార్పిడిగా చిక్కుడు జాతి వేస్తే వాటి వేళ్ల బుడిపెలు చూసి కంగారుపడకండి. మేలు చేసేవి గోటితో గీరితే ఊడివస్తాయి, నులిపురుగు బుడిపె ఊడదు, అది ఉబ్బిన వేరే.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఒకటే. కోతలయ్యాక మొక్కలను వేళ్లతో సహా పెకలించి ఎండబెట్టి కాల్చేయండి. కంపోస్టు గుంతలో వేయకండి. వేరు ముక్కలు నేలలో మిగిలితే వాటి గుడ్లే వచ్చే నారుకు ఎదురొస్తాయి.