కాటా దగ్గర తప్పు రాయని అబ్బాయి

మా అబ్బాయికి 25 ఏళ్లు. బీకాం చదివాడు. నిరుడు డాక్టరు ఆటిజం అని చెప్పారు. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో ఆరు నెలలు కాటా చిట్టీలు రాశాడు, ఒక్క తప్పూ రాలేదు. తర్వాత డ్రైవర్లకు, రైతులకు జవాబు చెప్పే కౌంటర్‌లో కూర్చోబెట్టారు. నాలుగో రోజు ఎవరికీ చెప్పకుండా ఇంటికి వచ్చేశాడు. తను రాసుకున్న లారీ నంబర్ల నోటుబుక్కు మాత్రం రోజూ తీసి చూసుకుంటాడు. వాళ్ల నాన్న 'వీడింతే' అంటున్నారు. బంధువులు పెళ్లి చేస్తే దారికొస్తాడంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, మిర్యాలగూడ

అమ్మా, 'ఒక్క తప్పూ రాలేదు' అన్న మాట దగ్గర ఆగిపోయాను. వరికోతలప్పుడు మిల్లు ముందు బండ్లు ఎలా బారులు తీరతాయో మీకు తెలుసు. నిండు బండి బరువు, ఖాళీ బండి బరువు, తేమకు తీసే తరుగు... ఒక్క అంకె తారుమారైతే ఎవరో ఒక రైతు కష్టం పోతుంది. ఆరు నెలలు ఆ పని మచ్చ లేకుండా చేసినవాడిని పట్టుకుని 'వీడింతే' అనడం అన్యాయం.

అతనికి చేతనైన పని చేతిలోంచి తీసేశారు. నలుగురు ఒక్కసారే అడుగుతుంటే, హారన్లు మోగుతుంటే, ఎదుటివారి ముఖం చూసి సమాధానం వెతుక్కోవడం ఆటిజం ఉన్న చాలామందికి ఒళ్లు విరిచే కష్టం. మూడు రోజులు ఓర్చుకున్నాడంటేనే ఎంత ప్రయత్నించాడో చూడండి. ఆ రోజుల్లో ఏది భరించలేకపోయాడో అడగండి. నోటితో చెప్పలేకపోతే రాసిమ్మనండి.

అతను సరేనంటే మిల్లు యజమానిని కలవండి. జాలి చూపమని అడగొద్దు. మళ్లీ కాటా పని ఇవ్వమనండి. చెప్పేది కాగితం మీద రాసివ్వాలి, పనిలో మార్పు ఉంటే ముందురోజే చెప్పాలి, మోత ఎక్కువైతే చెవులకు రక్షణ పెట్టుకోనివ్వాలి. ఇంతకు మించి ఖర్చేమీ లేదు. ఆటిజం సంగతి చెప్పాలా వద్దా అన్నది మాత్రం అబ్బాయే తేల్చుకోవాలి. యజమాని ఒప్పుకోకపోతే మీ ఊళ్లో మిల్లులకు కొదవ లేదు.

ఇంకో దారి కూడా తెరిచి ఉంచండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు ధ్రువపత్రం వస్తే ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకిచ్చే 4 శాతం రిజర్వేషన్‌కు అర్హుడవుతాడు. అందులో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వంటివాటన్నిటికీ కలిపి ఉంది. పోటీ ఉంటుంది, అయినా బీకాం చదివినవాడు దరఖాస్తు చేయకుండా ఉండకూడదు.

పెళ్లి మాట ఇప్పుడు ఎత్తొద్దు. పెళ్లి మందు కాదు. వచ్చే అమ్మాయికీ ఒక జీవితం ఉంది.

మీవారితో వాదించకండి. అబ్బాయి ఒప్పుకుంటే ఆ నోటుబుక్కు ఆయన చేతికిచ్చి, పక్కన కూర్చుని ఒక్కో పేజీ చూపించమనండి.