వీల్‌చెయిర్‌తో సముద్రం దగ్గరికి: "సౌకర్యం ఉందా?" అని కాదు, కొలతలు అడగండి

మీ ప్రశ్న ఇది: "వీల్‌చెయిర్‌లో ఉండే మా అమ్మకు సముద్రంలో కాళ్లు తడుపుకోవాలని ఉంది. వినపడని మా పిన్ని కూడా మాతో వస్తుంది. దివ్యాంగులకు సౌకర్యాలు ఉన్నాయని రాసిన చోటు చూసుకుని వెళ్తే సరిపోతుందా?"

సరిపోదండి. నా వెన్నుపాముకు దెబ్బ తగిలి పదకొండేళ్లయింది, అప్పటినుంచీ వీల్‌చెయిరే. మొదటిసారి తీరానికి వెళ్లినప్పుడు నేనూ ఆ ఒక్క మాటే నమ్మాను. ర్యాంప్ ఉందన్నారు, నిజంగానే ఉంది. కానీ ఇసుక మొదలయ్యే చోట అది ఆగిపోయింది. నీళ్లు ఇంకా వంద అడుగుల దూరంలో ఉన్నాయి. ముందున్న చిన్న చక్రాలు ఇసుకలో దిగబడి కుర్చీ ముందుకు ఒరిగింది. మోసుకెళ్తామని మా తమ్ముడు, పక్కనున్నవాళ్లు అన్నారు. అంతమంది చూస్తుండగా నన్ను ఎత్తుకెళ్లడం నాకు ఇష్టం లేదు, వద్దన్నాను. అలల చప్పుడు విని వెనక్కి వచ్చేశాం. ఆ బాధ మీ అమ్మగారికి రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు నేను ఫోన్ చేస్తే అన్నీ కొలతల్లోనే అడుగుతాను. ర్యాంప్ ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి కనీసం పన్నెండు అడుగుల పొడవుందా? ఇంతకంటే నిటారుగా ఉంటే తోసేవాళ్లకు కష్టం, దిగేటప్పుడు ప్రమాదం. బాత్రూమ్ తలుపు పూర్తిగా తెరిస్తే ఎన్ని అంగుళాల ఖాళీ ఉంటుంది? 32 అంగుళాలు ఉంటే నాకు ధైర్యం. లోపల కుర్చీ తిప్పుకోవడానికి సుమారు ఐదడుగుల జాగా ఉందా? కుర్చీ వెళ్లడానికి ఇసుక మీద దారిలా పరిచే చాప నీళ్లకు ఎంత దూరంలో ఆగుతుంది? వీలైతే ఫోటోలు పంపమనండి. నా అనుభవంలో మాట కంటే ఫోటోయే నమ్మకం.

ఇసుకలో నడిచే వీల్‌చెయిర్ ఉంటే ముందే బుక్ చేయండి. వాటికి లావుపాటి, తక్కువ గాలి ఉండే బెలూన్ టైర్లు ఉంటాయి, అందుకే ఇసుకలో దిగబడవు. చాలావాటిని కూర్చున్నవాళ్లు సొంతంగా తోసుకోలేరు, కాబట్టి బలంగా తోసే మనిషి వెంట ఉండాలి. కొన్ని నీళ్లలో తేలుతాయి, కానీ అల పక్కనుంచి కొడితే ఒరిగిపోవచ్చు. ఇద్దరు పట్టుకోకుండా లోపలికి దింపొద్దు. అలాంటి కుర్చీ దొరక్కపోతే ఆటు సమయం చూసుకోండి. నీళ్లు వెనక్కి తగ్గాక బయటపడే తడి ఇసుక గట్టిగా ఉంటుంది. పొడి ఇసుక దాటేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి లాగండి, అప్పుడు పెద్ద చక్రాలు ముందు వెళ్తాయి. పడవ ఎక్కాలనుకుంటే మాత్రం లెక్క తిరగబడుతుంది: నీటిమీద తేలే జెట్టీకి వేసిన వంతెన ఆటులో బాగా ఏటవాలుగా మారుతుంది, పోటు సమయంలోనే తేలిక.

గ్రీస్‌లో చాలా తీరాల్లో సీట్రాక్ అనే ఏర్పాటు ఉంది. ఒడ్డునుంచి నీళ్లలోకి వేసిన పట్టాల మీద ఒక కుర్చీ, సౌరవిద్యుత్తుతో నడుస్తుంది. అందులోకి మారి రిమోట్ నొక్కితే ఎవరూ ఎత్తకుండానే నీళ్లలోకి దిగొచ్చు, తిరిగి రావొచ్చు. నాకు కావాల్సింది సరిగ్గా ఇదే.

అందరూ నీళ్లలోకి దిగడం గురించే ఆలోచిస్తారు. నాకు అసలు టెన్షన్ బయటికి వచ్చాకే. తడి బట్టలతో, ఇసుక రేణువులతో గంటసేపు కూర్చుంటే చర్మం ఒరుసుకుని పుండు పడొచ్చు. స్పర్శ లేనిచోట అది తెలియనే తెలియదు. నాకు అలా పడిన పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. అందుకే కూర్చుని స్నానం చేసే చోటు, పడుకుని బట్టలు మార్చుకునే బల్ల ఎంత దగ్గర్లో ఉన్నాయో తప్పక అడగండి. మీ అమ్మగారికి కాళ్లలో స్పర్శ తక్కువైతే గవ్వలు గీరుకోకుండా మెత్తని బూట్లు వేయండి, ఎండలో కాలిన లోహపు చట్రానికి కాలు ఆనకుండా చూడండి. వెన్నుపాము పైభాగంలో దెబ్బ తగిలినవాళ్లకు చెమట సరిగ్గా పట్టదు, ఒంట్లో వేడి త్వరగా పెరిగిపోతుంది. ఉదయమో సాయంత్రమో వెళ్లండి. కుర్చీకి ఉప్పునీరు తగిలితే అదే రోజు మంచినీళ్లతో కడిగి తుడవండి, లేకపోతే బేరింగులు తుప్పు పడతాయి.

పిన్నిగారి విషయానికొస్తే, లైఫ్‌గార్డ్ విజిల్ ఆవిడకు వినపడదు. వెళ్లగానే లైఫ్‌గార్డ్‌కు ఆవిడను చూపించి, రమ్మని పిలవాలంటే ఏ సైగ చేయాలో ఇద్దరికీ కుదిర్చిపెట్టండి. జపాన్‌లో 2020 నుంచి సునామీ హెచ్చరికకు ఎరుపు, తెలుపు గళ్ల జెండా ఊపుతున్నారు, వినపడనివాళ్లకూ కనిపించాలని. ప్రతి తీరంలోనూ ఇలాంటిది ఉండాలని నా కోరిక.

"ఈ స్థితిలో సముద్రం ఎందుకండీ" అని ఎవరైనా అంటే తగ్గకండి. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన దివ్యాంగుల హక్కుల ఒప్పందం 30వ అధికరణంలో విహారం, వినోదం గురించి స్పష్టంగా ఉంది.

మీ అమ్మగారు చేతుల బలంతో ఒక కుర్చీలోంచి మరోదానిలోకి మారగలరా, ఇద్దరు పట్టుకోవాలా? నడుం నిలుపుకుని కూర్చోగలరా? ఈ రెండూ చెబితే ఏ రకం కుర్చీ అడగాలో రాస్తాను. ఆవిడను ఎత్తాల్సి వస్తే ఎవరు ఎత్తడం ఇష్టమో మాత్రం బయల్దేరే ముందే ఆవిడనే అడగండి.