1911 రూపాయి: అరుగుదల వేరు, దెబ్బ వేరు

ప్రశ్న: మా నాయనమ్మ పెట్టెలో 1911 నాటి అయిదో జార్జి వెండి రూపాయి దొరికింది. ఒకప్పుడు గొలుసుకు వేసుకోవడానికి కొక్కెం అతికించి, తరువాత తీసేసినట్లు కిరీటం పైన అంచుమీద మచ్చ ఉంది. నల్లగా ఉందని చింతపండుతో తోమాను. రాజమహేంద్రవరంలో ఒక వెండి వ్యాపారి బరువు లెక్కనే కొంటానన్నారు. ఫోనులో మరొకరు లక్షలు పలుకుతుందనీ, ముందుగా నమోదు రుసుము కట్టాలనీ అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకురాలు, అమలాపురం

సమాధానం: రుసుము అడిగిన వారిని ముందు పక్కన పెట్టండి. పాత నాణేల కొనుగోలు పేరుతో తన పేరు వాడుకుని రుసుములు, పన్నులు వసూలు చేసేవారి విషయంలో జాగ్రత్తగా ఉండాలని రిజర్వు బ్యాంకే 2021లో ప్రజలను హెచ్చరించింది. వెండి వ్యాపారి మోసం చేయడం లేదు గాని, ఆయన చూసింది లోహాన్ని మాత్రమే. ఈ రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో దాదాపు 10.69 గ్రాములు శుద్ధమైన వెండి. ఆ వెండి వెల మీ నాణేనికి కనీస ధర.

అంతకు మించి ఎంత వస్తుందన్నది ఆ సంవత్సరాన్ని బట్టి ఉంటుంది. 1911 రూపాయిలో రాజు ధరించిన హారంలోని ఏనుగు పొట్టి తొండంతో, పొట్టి కాళ్ళతో పందిలా కనబడడంతో అభ్యంతరాలు వచ్చి, ఆ ముద్రణ నాణేలు చాలావరకు కరిగించబడ్డాయి. 1912 నుంచి ఏనుగును స్పష్టమైన తొండంతో దిద్దారు. సేకరణకర్తలు దీనిని ‘పంది రూపాయి’ అని వెతుక్కునేది అందుకే. కనుక భూతద్దంతో ముందు ఏనుగును చూడండి: పొడవైన తొండం ఉండి 1911 అని ఉంటే, అంకెను ఎవరో మార్చారన్నమాట.

ఏనుగు సరైనదే అయితే, ఇక లోపాల సంగతి. చేతులు మారి అరగడం దోషం కాదు. నాణెం స్థితిని కొలిచే, 1 నుంచి 70 వరకు అంకెలున్న శ్రేణిలో అది నాణేన్ని కిందికి దించుతుంది, అంతే. కొక్కెం తీసిన మచ్చ, తోమిన గీతలు మాత్రం ఆ శ్రేణికే లోబడవు. మీసాలు, కిరీటం ఎంత స్పష్టంగా ఉన్నా, నాణేలను పరిశీలించి ఆ అంకె వేసే శ్రేణీకరణ సంస్థలు అంకె ఇవ్వకుండా ‘శుభ్రం చేసినది’, ‘కొక్కెం తీసినది’ అని రాసి పంపుతాయి. ఇత్తడి చెంబుకు చింతపండు మంచిదే కాని, వెండి నాణెంపై నల్లని పొర మురికి కాదు, గాలిలోని గంధకంతో పైపైన ఏర్పడినది. దానిని తోమితే ముద్రణనాటి మెరుపు పోయి, గీతల వల్ల ఒక నిర్జీవమైన తెల్లదనం మిగులుతుంది.

కనుక మీ నాణేనికి, ఇదే సంవత్సరపు నిర్దోషమైన నాణేనికి వచ్చే ధర రాదు. అయినా అసలైనదని తేలితే వెండి బరువుకు అమ్మడం పొరపాటే. అమ్మేవారు అడుగుతున్న ధరలు కాక, ఇటువంటి దెబ్బలున్న 1911 రూపాయిలు వేలంలో నిజంగా పలికిన ధరలతోనే పోల్చండి. ఆ మచ్చను కంసాలి చేత నునుపు చేయించకండి. దానివల్ల లోపాల జాబితాలో మరొకటి చేరుతుంది.