టీనేజ్ లవ్‌స్టోరీ సిరీస్‌లు ఎప్పుడూ చిన్న ఊళ్ళలోనే ఎందుకు జరుగుతాయి?
ఎందుకంటే అక్కడ తప్పించుకోడానికి వీలుండదు. సిటీలో బ్రేకప్ అయితే మళ్ళీ మొహం చూడక్కర్లేదు, చిన్న ఊళ్ళో అదే ట్యూషన్, అదే కిరాణా కొట్టు, కథ మూడు పుస్తకాలు లాగాలంటే ఆ ఎదురుపడటమే కావాలి. అమెరికన్ రచయిత్రి జెన్నీ హాన్ రాసిన ‘ద సమ్మర్ ఐ టర్న్డ్ ప్రెటీ’, అంటే బెల్లీ అనే అమ్మాయి కథే చూడండి, 2009 నుంచి 2011 దాకా ఏటా ఒక పుస్తకం, 2022లో ప్రైమ్ వీడియోకి వచ్చింది, కజిన్స్ బీచ్ అనే కల్పిత ఊరు, వేసవి వస్తే ఆ అమ్మాయీ, తను మనసుపడ్డ అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో.

ఒడిశాలోని మా పర్లాకిమిడి వాళ్ళకైతే ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, ఇద్దరు పిల్లలు పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో ఒకే ఆటో దిగారంటే, స్టేట్ మారినా సరే, ఇల్లు చేరేలోపే పిన్నికి ఒక ఫోన్ తెలుగులో, ఇంకోటి ఒడియాలో వచ్చేసుంటాయి. నాకు మాత్రం బెల్లీ కథలో అన్నదమ్ముల గొడవ కన్నా బెల్లీ వాళ్ళమ్మ, ఆ అబ్బాయిల అమ్మ, ఈ ఇద్దరి స్నేహమే ఎక్కువ నచ్చింది.