వాగు గట్టున ఒక వరుస చెట్లు చాలవు

మిర్చి చేను పక్కన గట్టు ఏటా కోసుకుపోతోంది, నీళ్లు పచ్చబడుతున్నాయి, ఒక వరుస సుబాబుల్ వేస్తే చాలా అని అడిగారు.

చాలదండి. మాదీ ఖమ్మం జిల్లానే, మున్నేరులో కలిసే వాగు పక్కన పొలం. 2024 సెప్టెంబరు వరదకి, అంచుదాకా పత్తి వేసిన చోట గట్టు జారింది. పాత కానుగలు, వావిలి గుబురు ఉన్నచోట నిలబడింది. నల్లరేగడి గట్టు వరద పోటు మీదకన్నా తీసేటప్పుడే ఎక్కువ కూలుతుంది. మట్టి నాని బరువెక్కి ఉంటుంది, ఆసరాగా ఉన్న నీరేమో దిగిపోతుంది. అందుకే వేర్లు గట్టు పైనే కాదు, వాలులోనూ ఉండాలి.

నీటి అంచున వావిలి కొమ్మలు గుచ్చాం. బతకడం తేలిక, పశువులు ముట్టవు. పైన ఏరుమద్ది, నేరేడు, కానుగ. చేను వైపు గడ్డిపట్టీ వదిలాం. వాననీరు అక్కడ నెమ్మదిస్తే మట్టి, దానికి అంటుకున్న భాస్వరం దిగిపోతాయి. యూరియా నుంచి వచ్చే నైట్రేటు అలా కాదు, నీళ్లలో కరిగి భూమి లోపలినుంచి వాగు చేరుతుంది. దాన్ని పట్టేది చెట్ల వేర్లు, తడిమట్టిలోని సూక్ష్మజీవులు. నీడ పడితే పాచి కూడా తగ్గుతుంది. రాలిన ఆకుల మీద పురుగులు, వాటి మీద చేపలు బతుకుతాయి. మా మడుగు దగ్గరిప్పుడు లకుముకి పిట్టలు కూడా కనిపిస్తున్నాయి.

వెడల్పు దగ్గరే అసలు టెన్షన్. అమెరికాలో చెసాపీక్ బే అనే అఖాతంలోకి పోయే వాగుల వెంట కనీసం 35 అడుగుల అడవిపట్టీ అంటారు. వంద మీటర్ల గట్టుకి అలా వదిలితే పది గుంటల నేల పోయినట్టే. రెండెకరాల రైతుకి అది చిన్న మాట కాదు. మేం ఇరవై అడుగులతో సరిపెట్టుకున్నాం, ఒక వరుసకన్నా అది చాలా నయం.

చేలో నీరంతా ఒకే గండిలోంచి వాగులోకి దూకుతుంటే మాత్రం ఎన్ని చెట్లున్నా లాభం లేదు. ముందు అక్కడ రాళ్లకట్ట వేసి నీటిని చెదరగొట్టండి.

సుబాబుల్ వద్దు. గింజ రాలి గట్టంతా అదే అల్లుకుంటుంది. సర్కారు తుమ్మ ఉంటే ఒక్కసారే పీకేయకండి, గట్టు బోడిదైపోతుంది. కొంచెం కొంచెంగా కొట్టి, ఆ కంపనే మొక్కల చుట్టూ వేయండి, మేకలు రావు. పట్టీలో గడ్డిమందు కొట్టకండి. నాటే ముందు సర్వేయర్‌తో హద్దులు చూపించుకోండి, వాగు పోరంబోకు ఎక్కడిదాకా ఉందో తేలుతుంది. తొలకరి పడగానే వావిలితో మొదలుపెట్టండి.